గురువారం నాటి నీళ్ళు

నేనేం చేస్తుంటానని రైల్లో ఎవరైనా అడిగితే, దోమల్ని లెక్కపెడతానని చెప్పడం మానేశాను. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేవాణ్ణి. పక్కవాళ్ళు కాస్త ఎడంగా జరిగేవారు, నాకు కూర్చోవడానికి చోటు దొరికేది. ఇప్పుడు జువాలజీ లెక్చరర్నని చెప్పి ఊరుకుంటున్నాను. నేనుండేది తాడేపల్లిగూడెం, కాలేజీ ఏలూరు. నా దోమలుండేది మాత్రం మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక చిన్న ఊళ్ళో. ఈ మూడింటి మధ్య పాసింజరు రైలూ, కైకలూరు బస్సూ, షేర్ ఆటో ఎక్కి దిగడమే నా పరిశోధనలో ముప్పాతిక భాగం. మిగిలిన పావు సైన్సు.

ఆ పావు కూడా పెద్ద గొప్పదేం కాదు. బోదకాలు తెచ్చే దోమ మురుగు నీళ్ళలో గుడ్లు పెడుతుంది. ఇళ్ళ ముందు నుంచి సాగే బోదెల్లో, అంటే చిన్న కాలవల్లో, చేపపిల్లల్ని వదిలితే, అవి దోమ పిల్లల్ని తినేసి ఊరిని కాపాడతాయా, కాపాడవా? ఇదే నా ప్రశ్న. బోదెలోనే బోద ఉందని మా ఆవిడ దగ్గర చమత్కరించాను కూడా. ఆవిడ నవ్వలేదు. ఆ ఊళ్ళో ఆరు బోదెల్లో గప్పీ అనే బుల్లి చేపలు వదిలాను. రెండు కిలోమీటర్ల అవతలి ఊళ్ళో ఆరు బోదెల జోలికి పోకుండా ఊరుకున్నాను. ప్రతి గురువారం రెండు ఊళ్ళూ తిరిగి, పొడుగాటి పిడి ఉన్న తెల్లటి ఎనామిల్ గరిటె నీళ్ళలో ముంచి, అందులో ఎన్ని పురుగులు గిలగిల్లాడుతున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాణ్ణి. అలా మూడేళ్ళు.

చేపలు వదిలిన ఊళ్ళో నాకు అండ ఒక రిటైరైన టీచరు గారు. మిషన్ స్కూల్లో ఆ వీధి వాళ్ళందరికీ, వాళ్ళ పిల్లలకీ కూడా అక్షరాలు దిద్దించిన మనిషి. అందుకే ఆవిడ మాటకి అక్కడ ఎదురుండదు. ఆవిడ ఎడమకాలు మోకాలి కింద నుంచి వాచి ఉంటుంది. అది కనబడకుండా చీర కాస్త కిందికి దింపి కడతారు. మొదటి రోజే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నేను అడక్కుండానే చెప్పారు.

"నాకు ఇరవయ్యో ఏట వచ్చిందండీ ఇది. ఈ వీధి పిల్లలకి రాకూడదు. ఆ సంగతి మీరు చూడండి, మిగతాది మేం చూసుకుంటాం."

ఆ 'మిగతాది' ఏమిటని నేను అడగలేదు. మూడేళ్ళలో నేను చేసిన తప్పుల్లో అదే పెద్దది.

నా పుస్తకం సున్నాలతో నిండింది. చిన్నప్పుడు లెక్కల్లో తెచ్చుకున్న సున్నాలకి మా నాన్న వీపు మీద జవాబు చెప్పేవారు. ఈ సున్నాలకి మాత్రం అందరూ భుజం తట్టారు. చేపలున్న ఊళ్ళో గరిటెకి సున్నా, ఒకటి, మళ్ళీ సున్నా. చేపల్లేని ఊళ్ళో గరిటె ముంచితే పురుగులే పురుగులు. వ్యాసం రాశాను, అచ్చయింది. నా ప్రమోషన్ ఫైలులో చూపించుకోదగ్గ కాయితం అదొక్కటే. గప్పీలతో కొంత గొప్పలకి కూడా పోయానేమో, చుట్టుపక్కల మిగతా ఊళ్ళ పారిశుద్ధ్యం చూసే ఒక ఆఫీసరు గారు కబురు పెట్టారు. చేపలే పని చేస్తుంటే ఇక బోదెల్లో గుర్రపుడెక్క తీయించడం దేనికి, ఆ మనుషుల్ని వేరే పనుల్లోకి మార్చి అన్ని ఊళ్ళలోనూ చేపలు వదిలేద్దాం, సోమవారం మీటింగుకి వచ్చి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆ నాలుగు ముక్కలూ అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను.

ఆ మీటింగు ఇంకా పదకొండు రోజులుందనగా గరిటె టీచరు గారి అరుగు మీద మర్చిపోయి వచ్చాను. మర్చిపోవడం నాకు కొత్త కాదు. కాని ఆ గరిటె కాలేజీ స్టోర్స్ వారిది, లెక్క చూస్తామని నోటీసు పెట్టారు. గురువారం దాకా ఆగే వీల్లేక మంగళవారమే బస్సెక్కాను.

ఆటో దిగి వీధిలోకి తిరిగేసరికి దారి తప్పాననుకున్నాను. నా ఆరు బోదెల్లో నీళ్ళు కనబడటం లేదు. కొల్లేటి నుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క తూముల దాకా దట్టంగా కమ్మేసి, ఊదారంగు పూలతో సహా నన్ను పలకరించింది. అరుగు మీది గరిటె తీసుకుని ఆకుల సందున ముంచాను. పైకి తీస్తే గరిటె నిండా నల్లటి నూగులా పురుగులు కదులుతున్నాయి. ఆరు చోట్లా అంతే. చేపలున్నాయి, పైన తెరిపి ఉన్న చోట తిరుగుతున్నాయి. దోమ పిల్లలు వేళ్ళ చాటున క్షేమంగా ఉన్నాయి.

టీచరు గారు లోపలి నుంచి వచ్చి నన్ను చూశారు. ఆ వెంటనే బోదె వైపు చూశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"అయ్యో, మీరొచ్చేది గురువారం కదండీ."

మిగతాదంతా నెమ్మదిగా బయటపడింది. బుధవారం సాయంత్రం వీధివాళ్ళంతా కొడవళ్ళూ తట్టలూ తీసుకుని దిగుతారు. గుర్రపుడెక్క లాగేస్తారు, పూడిక తీస్తారు, తూము వదిలి మురికినీళ్ళు పోనిస్తారు. వాచిన కాలితోనే ఆవిడ దగ్గర నిలబడి చేయిస్తారు. ఎంత దూరం నుంచో మన కోసం చదువుకున్న మనిషి వస్తుంటే ఇంటిముందు చెత్త పెట్టుకుని ఎలా రమ్మంటామని ఆవిడ ఉద్దేశం. అవతలి ఊళ్ళో నేనెవరికీ చుట్టాన్ని కాను కనక అక్కడెవరూ చెయ్యి తడుపుకోలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇన్‌స్పెక్షన్ అంటే ముందురోజు గోడలకి సున్నం వేయిస్తామండీ. వేయించామని వచ్చినాయనతో చెప్పుకుంటామా?"

ఆవిడ గోడలకి సున్నం వేసినట్టే నేను పుస్తకానికి సున్నాలు వేశాను. మూడేళ్ళపాటు నేను కొలిచింది చేపల ఆకలి కాదు, ఒక ఊరి మర్యాద. ముంచడానికి కొనిపించిన గరిటె చివరికి నన్నే ముంచింది.

బస్సు కొల్లేటి మీద పోతుంటే గట్ల మీద కొంగల్ని చూస్తూ లెక్క వేసుకున్నాను. అచ్చయిన వ్యాసం తప్పని నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఊరుకుంటే ప్రమోషన్ వస్తుంది. ఊరుకుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటా గుర్రపుడెక్క తీయడం ఆగిపోతుంది, దాని కింద ఈ దోమ పెరుగుతుంది, ఇంకో ఇరవై ఏళ్ళకి ఇంకెవరో చీర కిందికి దింపి కట్టుకోవలసి వస్తుంది. ఏలూరు స్టాండులో దిగేసరికి లెక్క తేలిపోయింది. నా మట్టుకు నాకు అంత తేలిగ్గా తేలిన లెక్క అదొక్కటే. ఆ రాత్రే పత్రిక వారికి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో వివరిస్తూ ఉత్తరం రాశాను. మా ఆవిడ చదివి, తప్పు ఒప్పుకున్న చోట విశేషణాలు ఎక్కువయ్యాయని రెండు కొట్టేసింది.

సోమవారం మీటింగులో నాలుగు ముక్కలకి బదులు ఒక్క ముక్కే చెప్పాను. దోమలు తగ్గింది చేపల వల్లో, కొడవళ్ళ వల్లో నాకు తెలియదు, తెలిసేదాకా కొడవళ్ళు ఆపించకండి. ఆఫీసరు గారు చాలాసేపు నా వ్యాసాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. రాసింది మీరే కదండీ అన్నారు. అవునండీ, అందుకే నేనే చెప్పాలి అన్నాను. గుర్రపుడెక్క తీసే మనుషులు ఆ పనిలోనే ఉండిపోయారు. ప్రమోషన్ ఫైలు కూడా ఉన్న చోటే ఉండిపోయింది.

తరవాత వారం మళ్ళీ టీచరు గారి అరుగు మీద కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆరు బోదెల్లోనూ చేపలు ఉంటాయి. మూడింటిని ప్రతి వారం శుభ్రం చేస్తారు, మూడింటిని ఒక ఏడాదిపాటు ముట్టుకోరు. వీధిలో ప్రతి ఇంటికీ దోమతెరలు ఇస్తాం. నేను ఏ రోజు వస్తానో ఎవరికీ తెలియకూడదు. నా నోటి మీద నాకే నమ్మకం లేదు కనక, రోజూ పొద్దున్నే బిస్కెట్ డబ్బాలోంచి మా ఆవిడ చీటీ తీస్తుంది. వెళ్ళమని వస్తే ఆ పూటే వెళ్ళాలి.

ఏ బోదె ఏ లెక్కలోకి వస్తుందో కూడా చీటీలతోనే తేల్చాం. టీచరు గారే తీశారు. ముట్టుకోకూడని మూడింటిలో మొదటిది ఆవిడ ఇంటిముందుదే వచ్చింది. ఆవిడ చీటీని రెండుసార్లు తిప్పి చూశారు. కావాలంటే మార్చుకుందామని అనబోయాను. చెయ్యెత్తి ఆపేశారు. పరీక్ష పేపరు నచ్చలేదని మార్చుకుంటే ఇన్నేళ్ళూ నేను పిల్లలకి చెప్పిందేమిటండీ అన్నారు. ఆ సాయంత్రమే వీధిలో ఇల్లిల్లూ తిరిగి, తన ఇంటిముందు ఎవరు కొడవలి పెట్టినా ఊరుకోనని చెప్పి వచ్చారట.

మొదటి లెక్కకి శనివారం చీటీ వచ్చింది. వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు, బోదె వైపు వీపు పెట్టి. మంచినీళ్ళిచ్చారు గాని నా ముఖం చూడలేదు. నేను ముంచాను, లెక్కపెట్టాను, నలభై రెండు. అవతలి కొసన శుభ్రం చేసిన బోదెలో మూడు. ఒక్క రోజు లెక్కతో ఏమీ తేలదని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. ఈసారి తొందరపడేది లేదు.

పుస్తకం మూయబోతుంటే ఆవిడ అడిగి తీసుకున్నారు. 'చేపలు' అన్న గడి పక్కన నేను ఖాళీగా ఉంచిన గడికి, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో 'చేతులు' అని పేరు పెట్టారు. పుస్తకం నా చేతికిచ్చి, లోపలి నుంచి ముక్కాలిపీట తెచ్చుకుని, ఈసారి బోదెకి ఎదురుగానే కూర్చున్నారు.

"ఇంకోసారి ముంచండి, నేనూ లెక్కపెడతాను."