ఏసుదానంగారి క్లైమాక్స్

ఏసుదానంగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ కథైనా సరే, చివర ఏమవుతుందో ముందే చెప్పెయ్యకపోతే ఆయనకు తిన్నది అరగదు.

తెర మీద పేర్లు పడుతుండగానే "బావమరిదే హంతకుడు" అనేసి, పల్లీలు నోట్లో వేసుకుంటారు. ఒమాన్ దేశంలోని ఇబ్రి అనే ఊళ్ళో, ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయడం ఆయన ఉద్యోగం. చెయ్యి పట్టుకుని మూలుగుతూ వచ్చినవాడు బల్ల ఎక్కకముందే "విరగలేదులే" అంటారు. ఎముకల డాక్టరు ఓసారి బతిమాలుకున్నాడు కూడా. "క్లైమాక్స్ ఒక్కటీ నాకు వదిలెయ్యవయ్యా."

ఆయన భార్య కృపాబాయి అదే ఆసుపత్రిలో, క్యాజువాలిటీలో సీనియర్ సిస్టర్. కొత్తగా వచ్చిన నర్సు అబిగైల్‌కి తమ ఇంట్లోనే ఓ గది ఇచ్చింది. అబిగైల్ తెచ్చుకున్న డిటెక్టివ్ నవల మొదటి వారంలోనే పాడైపోయింది. ఏసుదానంగారు ఆమె భుజం మీదుగా తొంగిచూసి, "ఏ పేజీలో ఉన్నావమ్మా? ఆ వంటవాణ్ణి మాత్రం నమ్మకు" అన్నారు.

శుక్రవారం చర్చి అయ్యాక ఆ ఇంట్లో బిర్యానీ, బిర్యానీ అయ్యాక సినిమా. సైట్‌లో తాపీపని చేసే జగిత్యాల రఘుపతి కూడా వచ్చేవాడు.

"సార్, జర నోరు కట్టేసుకోన్రి. నాకు సెలవు దొరికేది ఒక్క జుమ్మా. గా ఒక్క సిన్మ గూడ మీరే జెప్పవడ్తిరి."

"నీ మంచికేనయ్యా. టెన్షన్ లేకుండా హాయిగా చూడొచ్చు."

"టెన్షన్ కోసమే గద సార్ జూసుడు!"

ఆయన అన్నిటికన్నా ఇష్టంగా చెప్పేది ఓ పాత ఇంగ్లీషు కారు పందేల సినిమా. కుర్రతనంలో పాలకొల్లులో చూశారట. స్టీలు పళ్ళెం స్టీరింగయ్యేది. ఆఖరి రౌండులో ఎర్రకారు పల్టీ కొట్టేది, మంటలు లేచేవి. ఆ పొగలోంచి హీరో ఎడమకాలు కుంటుకుంటూ, వంటగది గుమ్మం నుంచి సోఫా దాకా నడిచి వచ్చేవాడు. ఎన్నిసార్లు విన్నా కృపాబాయి ఆ చోటికి వచ్చేసరికి గిన్నెలు తోమడం ఆపి వినేది.

అందుకే, ఆ సినిమాని గీతలన్నీ తుడిచి, రంగులకు మెరుగుపెట్టి, కొత్తగా డిస్కు విడుదల చేస్తున్నారని తెలియగానే అబిగైల్ మస్కట్ నుంచి తెప్పించింది. ఎగిరి గంతేస్తారనుకుంది. డిస్కు చూడగానే ఆయన ముఖం ఎక్స్‌రే ఫిల్ములా అయిపోయింది.

"ఇప్పుడిదెందుకమ్మా? మన దగ్గర ప్లేయరేదీ?"

"ఇంజనీర్ సాబ్ తాన ఉన్నది సార్. నేను తెస్త" అన్నాడు రఘుపతి. ఆయన వాడివంక చూసిన చూపుకి బిర్యానీ చల్లారిపోయింది.

ప్లేయర్ రానే వచ్చింది. ఆ వారమంతా ఆయన ఎవరికీ ఏ ముగింపూ చెప్పలేదు. చివరికి ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తున్న అబిగైల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఆ రోజు పాలకొల్లు హాల్లో, కారు తగలబడుతుండగా కరెంటు పోయిందమ్మా. రేపు రండి, ఉత్తినే చూపిస్తాం అన్నారు. మర్నాడు వెళ్తే సినిమా తణుకు వెళ్ళిపోయింది."

"మరి పొగలోంచి నడిచి రావడం?"

"నేనే నడిపించాను."

అబిగైల్ చేతిలోని దుప్పటి బకెట్లో పడేసి ఆయనవైపు తిరిగింది.

"ఇక్కడికి వచ్చిన కొత్తలో మీ ఆంటీ డ్యూటీలో రోడ్డు యాక్సిడెంట్ కేసు వచ్చింది. కుర్రాడు. దక్కలేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఏం చెప్పాలో తెలీక ఈ కథ చెప్పాను. రెండు ముద్దలు తింది. అప్పట్నుంచీ, ఎవరు బతుకుతారో ముందే తెలియకపోతే తను సినిమా ముందు కూర్చోలేదమ్మా."

"ఆంటీకి మాత్రం చెప్పొచ్చు కదా అంకుల్? మాకందరికీ ఎందుకు?"

"ఆవిడ చెవిలోనే చెబితే, క్యాజువాలిటీ సిస్టర్‌కి సినిమా అంటే భయమా అని నవ్వరూ? అందరికీ చెబితే నా ఒక్కడికే పిచ్చి అనుకుంటారు."

అబిగైల్‌కి తన నవల మీద ఉన్న కోపం ఆ క్షణంలోనే పోయింది.

"ముందు మీరొక్కరే చూసెయ్యండి అంకుల్."

"పెట్టాను. చూడలేక ఆపేశాను. వాడు చచ్చిపోతే ఆవిడకి నేనేం చెప్పనమ్మా?"

శుక్రవారం సినిమా మొదలైంది. ఏసుదానంగారు నోరు విప్పలేదు. అందరికన్నా ఎక్కువ కంగారుపడ్డది రఘుపతి.

"సార్, గీ ఎర్రకారోడు గెలుస్తడా?"

"చూడవయ్యా."

"అరే, గిప్పుడు బెట్టు జేస్తరేంది? పానం గుంజుతున్నది, జెప్పున్రి."

ఆఖరి రౌండు వచ్చింది. ఎర్రకారు పల్టీ కొట్టింది, మంట లేచింది. ఏసుదానంగారు ఒళ్ళోని దిండును కావలించుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అబిగైల్ తెర చూడడం మాని ఆంటీని చూసింది. కృపాబాయి తాపీగా పల్లీలు వలుస్తోంది.

"కళ్ళు తెరవండి" అంది ఆవిడ భర్త వైపు వంగి. "బతుకుతాడు."

పొగలోంచి ఇద్దరు మనుషులు ఎర్రకారువాణ్ణి భుజాల మీద మోసుకొచ్చారు. వాడి చెయ్యి వేలాడుతోంది గాని, మనిషి నవ్వుతున్నాడు. ఏసుదానంగారు వదిలిన ఊపిరికి ముందున్న పల్లీ పొట్టంతా రఘుపతి మీద పడింది.

"నీకెలా తెలుసు?"

"నిన్న మీరు డ్యూటీకి వెళ్ళాక చివర పెట్టి చూశాను. వారం నుంచి మీరు అన్నం సరిగ్గా తినట్లేదు మరి."

"అంటే... నేను కల్పించానని..."

"ఏమండీ, మన వైపు కరెంటు సంగతి నాకు తెలీదా? కరెంటు పోయిందని పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. చెప్పి మర్చిపోయారు. మీరు కుంటుకుంటూ వచ్చేది బాగుండేదని ఊరుకున్నాను."

ఏసుదానంగారు దిండు పక్కన పెట్టారు. పల్లీలు గుప్పెడు తీసుకున్నారు. తెర మీద డాక్టరు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఎర్రకారువాడి చేతిని పరీక్షగా చూశారు.

"విరగలేదులే" అన్నారు.