చెమ్మ గది

మా పాప ఈమధ్య తన గదిలో మొక్కల కోసం ఒక చిన్న యంత్రం కొనుక్కుంది. నీళ్ళు పోసి మీట నొక్కితే తెల్లటి ఆవిరి సన్నగా లేచి ఆకుల మీద పరుచుకుంటుంది. మొదటిరోజు అది నడుస్తుండగా ఆ గదిలోకి వెళ్ళబోయాను. కుండీల్లో వేసిన కొబ్బరిపొట్టు తడిసిన వాసన ముక్కుకి తగిలేసరికి ఛాతీ పట్టేసినట్టయి గడప దగ్గరే ఆగిపోయాను. ఇన్నేళ్ళయినా నన్ను వదలని వాసన అది. రాజోలు దగ్గర మేమంతా కలిసి ఉన్న అమ్మమ్మ ఇంట్లో, కరుణ పిన్ని గది వాసన.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. కువైట్‌లో ఎవరింట్లోనో పనికి వెళ్ళింది. వెళ్ళేముందు ముచ్చటపడి కడియం నర్సరీల నుంచి ఒక ఫెర్న్ మొక్క తెచ్చుకుంది. కొత్తిమీర కన్నా సన్నటి ఆకులు, నల్లదారాల్లాంటి కాడలు, ముట్టుకుంటే ఎక్కడ రాలిపోతాయోనని నేను దగ్గరికి కూడా వెళ్ళేదాన్ని కాదు. మొదట్లో ఊరికొచ్చేవాళ్ళ చేత పిన్ని క్యాసెట్లు పంపేది. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మా నాన్నా అమ్మమ్మా నేనూ టేప్‌రికార్డరు చుట్టూ చాప మీద కూర్చుంటే, ఏసీ రొద వెనకాల నుంచి ఆవిడ గొంతు వచ్చేది. ఆఖరి క్యాసెట్లో ఇలా అంది: "ఇక్కడ గాల్లో చుక్క తడి లేదమ్మా, పెదాలు పగిలిపోతన్నాయి. మా మేడమ్ గారి మొక్కల మీద పూటపూటా నీళ్ళు చిమ్మేది నేనే. నా మొక్కని మాత్రం ఎండనివ్వకే, నేనొచ్చేదాకా."

ఆ తర్వాత క్యాసెట్ రాలేదు. నాన్న పిన్నిని పంపిన ఏజెంటు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే అతను, "వేరే ఇంటికి మారేరంటండీ. ఆపైన నాకూ తెలీదండీ, ఆయ్" అని చేతులు దులుపుకున్నాడు. అప్పట్నుంచీ అమ్మమ్మ ఆ మొక్కని పట్టుకుంది. అది పచ్చగా ఉన్నంతకాలం కూతురు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉన్నట్టేనని ఆవిడ నమ్మకం. కాదని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఎండాకాలం పడమటి గాలి మొదలైందంటే, వీధిలో పిల్లలు ముంజెకాయల బళ్ళు తోలుకుంటూ తిరుగుతుంటే, అరుగుల మీద చాపలనిండా మామిడి తాండ్ర ఎండుతుంటే, అమ్మమ్మ మాత్రం పిన్ని గదిని తడుపుతూ ఉండేది. పీచుతో ఉన్న కొబ్బరి డొక్కలు కాలవలో నానబెట్టి తెచ్చి వెడల్పాటి బేసిన్లో పేర్చి, మధ్యలో ఇటుకరాళ్ళ మీద కుండీని నిలబెట్టి, కిటికీకి తడి గోనెపట్టా కట్టేది. డొక్కలు పీల్చుకున్న నీళ్ళు రోజంతా నెమ్మదిగా ఆవిరవుతుంటే ఆకు కొస కూడా మాడేది కాదు. ఎండాకాలానికి అది సరైన పనే. కానీ వానలు పడి, గోదావరి ఎర్రబడి, జాడీలో ఉప్పు నీరయిపోయి, అగ్గిపుల్ల గీస్తే వెలగని రోజుల్లో కూడా ఆవిడ మానలేదు. ఎప్పుడు మానాలో తెలియక కాదు, మానితే ఏమవుతుందోనని భయం.

నేను ఆవిడ పక్కనే, ఆ గదిలోనే పడుకునేదాన్ని. గోడలు నల్లగా బూజు పట్టేశాయి. పెట్టెలో పిన్ని చీరల మీద మచ్చలు లేచాయి. గోనెపట్టా చుక్కచుక్కగా కారుతుండేది, గాలి లేకపోయినా ఆ సన్నటి ఆకులు వణుకుతుండేవి. అమ్మమ్మ వాటికేసి చూస్తూ, "అన్నం తిన్నావా తల్లీ?" అని అడుగుతుండేది. ఆ పట్టా వెనకాల ఎవరో నిలబడి ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. పిన్ని వచ్చేసిందనుకుని దుప్పటి ముసుగేసుకునేదాన్ని. ముసుగులో ఆ చప్పుడు ఇంకా దగ్గరయ్యేది. అవి నా గుండెల్లోని పిల్లికూతలని చాన్నాళ్ళకి గానీ తెలియలేదు.

"గదిలో చెమ్మ పోవాలమ్మా. లేకపోతే ఈ ఉబ్బసం పిల్లని వదలదు" అన్నారు డాక్టరుగారు. నన్ను వేరే గదిలోకి మారుద్దామంటే మాది రెండు గదుల పెంకుటిల్లు, చెమ్మ అప్పటికే రెండో గది గోడ కూడా ఎక్కింది. మొక్కని అరుగు మీద పెడదామంటే గాలికి చచ్చిపోద్దని అమ్మమ్మ ఒప్పుకోదు. గట్టిగా చెబితే చెల్లెల్ని వదులుకోమన్నట్టవుతుందని అమ్మ నోరు మెదిపేది కాదు.

ఒక ముసురు రోజు పొద్దున్నే నాకు ఊపిరాడలేదు. అమ్మ నన్ను గుండెలకానించుకుని వీపు రాస్తోంది. అమ్మమ్మ అప్పుడే గోనెపట్టా తడుపుకొచ్చి కిటికీకి కట్టబోతోంది. నాకేసి చూసింది. మొక్కకేసి చూసింది. పట్టాని వాకిట్లోకి విసిరేసి, చెమ్మకి ఉబ్బి బిగుసుకుపోయిన కిటికీ తలుపుల్ని రెండు చేతులా గుద్ది తెరిచింది. కుండీని పక్కన దించి, డొక్కల బేసిన్ ఎత్తుకుని బయటికి నడుస్తుంటే అమ్మ, "మొక్కమ్మా..." అంది ఏడుస్తూ.

"ఎండితే ఎండనియ్యే" అంది అమ్మమ్మ, వెనక్కి తిరక్కుండా.

ముసురు వెళ్ళాక ఆ డొక్కలు ఎండబెట్టి, వాటితోనే నాకు స్నానానికి నీళ్ళు కాచింది. కుండీకి నీళ్ళు పోస్తూనే ఉంది గానీ, చలిగాలికి ఆకులు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. క్రిస్మస్ నాటికి నల్లటి కాడలే మిగిలాయి. అంతకుముందు ఏటా క్రిస్మస్‌కి బెల్లం పోకుండలు వండగానే అమ్మమ్మ, పిన్ని వాటా ఒక డబ్బాలో తీసి దాచేది. ఆ ఏడాది డబ్బా దించలేదు. ఆ వాటా కూడా నా కంచంలోనే వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుని, ఆపైన నా ఛాతీకి చెవి ఆనించి వింది.

అమ్మమ్మ లేదు, ఆ పెంకుటిల్లూ లేదు. టేప్‌రికార్డర్ ఎవరు పట్టుకుపోయారో తెలియదు. పిన్ని సంగతి ఇప్పటికీ తెలియదు. నా ఊపిరి మాత్రం శుభ్రంగా ఆడుతోంది. పాప లేనప్పుడు యంత్రం ఆపి కిటికీ తెరుస్తుంటాను. పాప వచ్చి, "అమ్మా, మొక్కలు ఎండిపోతాయే!" అని కేకలేస్తుంది. ఎండనియ్యి అనాలని నోటిదాకా వస్తుంది. ఆ మాట అమ్మమ్మ దేన్ని వదులుకుని అందో తెలిసినదాన్ని, నాకు నోరు రాదు. కిటికీ మూసేసి, యంత్రంలో నీళ్ళు నేనే పోస్తాను.