కొనుక్కున్న వెండి గ్లాసు

నా చిన్నప్పుడు, అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా ఇంట్లో, శ్రావణ శుక్రవారం పూజ అయ్యాక పక్కింటి యూదు పెద్దావిడ తీర్థం కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. అమ్మ పట్టుకున్న వెండి గ్లాసు మీద ఆవిడ చూపు ఆగింది. అప్పటిదాకా నవ్వుతున్న ముఖం ఒక్కసారిగా మారిపోవడం చూసి నాకు భయం వేసింది. అది రెండువేల మూడో, నాలుగో.

ఆ గ్లాసు, ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్‌లో దొరికింది. వాళ్ళ నాన్న రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ నుంచి తెచ్చాడని అమ్మినాయన గర్వంగా చెప్పాడు. అంచు చుట్టూ ఉన్న గీతల్ని మేం తీగల డిజైన్ అనుకున్నాం. ఇండియా నుంచి తెచ్చుకున్న ప్రతి స్టీలు గిన్నె మీదా పేరు కొట్టించుకున్న అమ్మకి కూడా అవి పేర్లని తోచలేదు. పెద్దావిడ గ్లాసు తీసుకుని మెల్లగా తిప్పుతూ చదివింది. అవి హీబ్రూ అక్షరాలట. ఒక తండ్రి పేర్లు చెక్కించి కొడుకు పెళ్ళికి ఇచ్చినదట.

అమ్మ కంగారుగా నావైపు తిరిగింది. "మనం డబ్బులిచ్చి కొన్నామని ఆంటీకి చెప్పవే."

చెప్పాను. ఆవిడ తలెత్తకుండానే అంది: "మా బల్ల మీద భోంచేస్తున్నవాళ్ళూ అదే అన్నారు."

యుద్ధం అయ్యాక, నా అంత వయసులో, తల్లితో కలిసి తమ ఇంటికి తిరిగి వెళ్ళిందట. ఎవరో తలుపు తీశారు. వాళ్ళ వెనక తమ బల్ల, తమ కుర్చీలు. నాజీలు యూదుల్ని తీసుకుపోయాక ఊళ్ళో వేసిన వేలంలో కొనుక్కున్నామన్నారు. అది అబద్ధం కాదు. లోపలికి మాత్రం రమ్మనలేదు.

గ్లాసు తీసుకెళ్ళమని అమ్మ బతిమాలింది. తనది కానిది తనకెందుకని ఆవిడ వెళ్ళిపోయింది. నాన్న వెళ్ళి ఆ గ్లాసు అమ్మినాయన్ని అడగబోతే, "మా నాన్న దొంగ కాదు, సైనికుడు" అని ఆయన తలుపేసుకున్నాడు. తర్వాత నాన్న ఆ పేర్లు పట్టుకుని ఏళ్ళ తరబడి వెతికాడు. ఆ కుటుంబంలో ఒక్కరూ బతకలేదని తెలిసింది.

ఇక తను ఉంచుకోలేనని పోయిన నెల అమ్మ దాన్ని నాకిచ్చేసింది. నిన్న సాయంత్రం మా అమ్మాయి తన ఫ్రెండ్‌కి దాన్ని చూపిస్తూ, మాదే, మా అమ్మమ్మ కొన్నది అంటోంది. ఎంత సులువుగా అందో. రాత్రి నిద్ర పట్టక ఇదంతా రాస్తూ కూర్చున్నాను.

పొద్దున పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. దొంగిలించింది మనం కాదు, అయినా ఇది మనది కాదని.

"సో, రిటర్న్ చేసేద్దాం మమ్మీ," అన్నాడు మా వాడు.

"తీసుకోవడానికి ఎవరినీ మిగల్చలేదు కన్నా," అన్నాను.