దారిని జరిపిన మనిషి

ఈ ఉదయం పలాస బస్సులో ఒక ముసలమ్మ ఒళ్లో మొగలి పువ్వు పెట్టుకుని కూర్చుంది. ఆ వాసన తగలగానే నా నోరు ఊరుకోలేదు. "అక్కుపల్లి ఇసుకలో అడవిని పెంచింది నేనే," అన్నాను పక్కాయనతో. ఇంకేమీ అడగకుండా దిగిపోయాడు గనక పరువు దక్కింది. ఆ అడవిని పెంచింది మా అక్క భర్త, సూర్యం బావ. నేను దానికి చేసింది వేరే.

బావ టెక్కలిలో సైన్సు మాస్టారుగా రిటైరయ్యాడు. తొంభైల చివర్లో తుపానుకి అక్కుపల్లిలో కొబ్బరిచెట్లు పడిపోతే ఊరంతా మళ్లీ కొబ్బరే నాటింది. బావ మాత్రం సముద్రం వైపు మొగలి, లోపల పొన్న, నేరేడు, రేల నాటి చేతులు దులుపుకున్నాడు. మిగతావి గాలీ పిట్టలూ తెస్తాయన్నాడు. తెచ్చాయి కూడా. కాలిబాట మధ్యలో మొక్క లేస్తే పీకేవాడు కాదు, బాటనే పక్కకి జరిపేవాడు.

"ఏటి బావా, ఇది తోటా, తుప్పా?" అని ఎకసెక్కమాడాను ఒకసారి.

"తుప్పేరా. నున్నగా ఉంటే పిట్టెందుకొత్తాది? నీ బుర్ర మీద ఎప్పుడైనా వాలిందేటి?"

అప్పటికే నాది బట్టతల.

కొన్నేళ్లకి, మా ఉద్దానంలో ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బు ఆయననూ పట్టింది. విశాఖ ఆసుపత్రికి వెళ్తూ తోట నాకు అప్పజెప్పాడు. "ఏటీ సెయ్యకు. సూత్తుండు, సాలు," అన్నాడు.

చూస్తూ ఊరుకోవడం నాకు చేతనయ్యే పని కాదు. జీడిపిక్కలు రాలే ముందు మా వైపు చెట్ల కింద అంతా చెక్కి శుభ్రం చేస్తారు, రాలిన పిక్క కంటికి కనబడాలని. ఆ అలవాటుతోనే కూలీలను పెట్టి, కింద మొలిచిందంతా చెక్కించి, ఊడ్పించి, తగలబెట్టించాను. ఇసుక తెల్లగా మెరిసింది. బావ మెచ్చుకుంటాడనుకున్నాను. ఏళ్ల తరబడి వాటంతటవే వచ్చిన మొలకలన్నీ ఆ మంటలో పోయాయి.

తిరిగొచ్చి బావ తడిక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏది బాటో, ఏది కాదో తెలియడం లేదు. "పోన్లేరా, మళ్లీ మొలుత్తాయి," అని నవ్వాడు. మరుసటి వానలు ఆయన చూడలేదు.

ఇప్పుడు నా పెరట్లో ఏది మొలిచినా నేనే తప్పుకుని నడుస్తాను. ఆ నవ్వు ఒకటి ఉంది గనక ఇన్నాళ్లూ నిద్రపట్టింది.

ఇదంతా రాసి సాయంత్రం అక్కకి చదివి వినిపించాను. చింతపండులో పిక్కలు తీస్తూ చివరిదాకా విన్నది.

"నవ్వలేదు. లోపలికొచ్చి, 'మొలుత్తాయి గానీ సూడ్డానికి నానుండను' అని గోడవేపు తిరిగి పడుకున్నాడు. అది నాతో అన్న మాట. నీతో ఆ రోజు మాటాడనేలేదురా. నవ్వాడని రాయకు."