వంకర పట్టీలు

చిలకలూరిపేటలో జాకెట్టు కోత అంటే బసవమ్మ పేరే చెప్పేవాళ్లు. మొగుడు పోయాక కత్తెరనే నమ్ముకుని కొడుకుని పెంచింది. సుద్ద గీత కూడా లేకుండా కోస్తుందని ఎవరైనా మెచ్చుకుంటే మురిసిపోయేది.

పక్క వీధి షాజాదీ కుట్టుపని చేసేది. గుంటూరులో బట్టల దుకాణం ఉన్న గీతాంజలి ఇద్దర్నీ కలిపి అలల బొంతల పని అప్పజెప్పింది. ఆ రకాన్ని బార్జెల్లో అంటారట. కోత బసవమ్మది, కుట్టు షాజాదీది. చీరాల నేత గుడ్డల్ని రంగుల వరసలో పొడుగు పట్టీలుగా కోసి, పక్కపక్కన కలిపి కుట్టి, చివర్లు కూడా కలిపి గొట్టంలా చేయాలి. ఆ గొట్టాన్ని మళ్లీ అడ్డంగా, కొన్ని సన్నగా, కొన్ని వెడల్పుగా కోయాలి. ఒక్కో పట్టీకి ఒక్కో రంగు దగ్గర కుట్టు విప్పి, ఒక మెట్టు పైకో కిందకో జరిపి కలిపితే రంగులు అలల్లా లేస్తాయి.

కిటుకంతా ఆ రెండో కోతలోనే. స్కేలు మీది గీత సరిగ్గా కుట్టు మీద కూర్చోవాలి. గుండ్రటి బ్లేడున్న కట్టర్ని ఒక్క ఊపున లాగాలి. నూలుపోగంత పక్కకి పోయినా ఆ వంకర పట్టీ పట్టీకీ పెరుగుతుంది. అలలు కలవవు, పరిస్తే బొంత గుబ్బలు లేస్తుంది.

"నువ్వు కోసింది మళ్లీ కొలవక్కర్లేదక్కా," అనేది షాజాదీ. ఆమె కుట్టు కూడా అంతే తిన్నగా ఉండేది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లు.

కొన్నాళ్లకి బసవమ్మ కళ్లకి పొర కమ్మింది. నలుపు పక్కన ముదురు నీలం వస్తే మధ్యలో కుట్టు కనపడేది కాదు. వేలితో తడుముకుని స్కేలు పెట్టేది.

"కళ్లు చూపించుకో అక్కా," అంది షాజాదీ ఒకరోజు.

"నా కళ్లకేం రోగం? నీ పని నువ్వు చూసుకో," అని కసిరింది. కోత పోతే తనకింక ఏ విలువా ఉండదని ఆమె భయం.

హైదరాబాదులో ఒక హోటలుకి పంపిన బొంతలన్నీ వెనక్కొచ్చాయి. గీతాంజలి ఒకటి తెచ్చి నేలమీద పరిచింది. అలలు మధ్యలో తెగిపోయి, అంచులు పైకి లేచి ఉన్నాయి.

"కుట్టు వంకర పోయింది షాజాదీ. బసవమ్మగారి కోత నాకు తెలుసు, అది వంకర పోదు."

"నేను సరిగ్గానే కుట్టానండి. కావాలంటే అక్కనడగండి."

ఇద్దరూ బసవమ్మ వైపు చూశారు. బసవమ్మకి తన కోత మీద అప్పటికే అనుమానం ఉంది. అయినా తల వంచుకుంది.

"నాకేం తెలుసమ్మా. నేను కోసిచ్చానంతే."

ఆ రోజుతో షాజాదీ పని పోయింది. ఊళ్లో మాట పాకి, జాకెట్లు ఇచ్చేవాళ్లు కూడా రావడం మానేశారు. మెషీను ఊరికే పడి ఉందని మొగుడు అన్వర్ దాన్ని అమ్మేశాడు. ఆమె మిర్చి తొడిమలు తీసే పనికి కుదిరింది.

కొత్త మనిషి కుట్టిన బొంతలు కూడా వంకరే పోయాయి. గీతాంజలి పైకేమీ అనకుండా పని మొత్తం గుంటూరుకి మార్చేసుకుంది. పాడైన బొంత ఒకటి "కప్పుకోండి" అని బసవమ్మకి ఇచ్చి వెళ్లింది.

కొడుకు ఆమెని నరసరావుపేట తీసుకెళ్లి కళ్లకి ఆపరేషన్లు చేయించాడు. చూపొచ్చాక బసవమ్మ ఆ బొంత విప్పి వెలుతుర్లో చూసింది. రంగుకీ రంగుకీ మధ్య షాజాదీ కుట్లు నాగటిచాలులా తిన్నగా ఉన్నాయి. తను కోసిన ప్రతి పట్టీ మాత్రం ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం.

ఆ సాయంత్రమే షాజాదీ ఇంటికెళ్లింది. మంట పుడుతున్న చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది షాజాదీ.

"తప్పు నాదే షాజాదీ. నా కోతే వంకర పోయింది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కుడుతున్నప్పుడే. నీకు మాట రాకూడదని పట్టీల్ని లాగి, సర్ది కుట్టాను. లాగినందుకే ఆ గుబ్బలు. ఆ రోజు నువ్వే చెబుతావని చూశాను."

 "నేను గీతాంజలిగారికి చెబుతాను," అంది బసవమ్మ.

"చెప్పు. చెబితే మెషీను తిరిగొస్తుందా?" అని షాజాదీ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఫోన్ చేసి చెబితే గీతాంజలి, "ఇప్పుడెందుకండీ అవన్నీ," అని పెట్టేసింది. బసవమ్మ ఇంట్లో ఉన్న తన కుట్టుమెషీన్నే ఆటోలో వేయించుకుని షాజాదీ ఇంటికి తీసుకెళ్లింది. అన్వర్ దాన్ని గుమ్మం కూడా దాటనివ్వలేదు.

బసవమ్మ మళ్లీ జాకెట్లు కోస్తోంది. కోత మునుపటిలాగే ఉందని వచ్చినవాళ్లు అంటున్నారు. షాజాదీ రోజూ తొడిమల పనికి ఆ ఇంటి ముందు నుంచే వెళ్తుంది. ఎదురుపడితే పలకరిస్తుంది కానీ, ఆగదు.