పచ్చి వాసన పోయిందా?

మా అమ్మకు పసుపు మీద ఉన్న నమ్మకం డాక్టర్ల మీద ఉండేది కాదు. సోలాపూర్‌లో, అశోక్ చౌక్ వెనక గల్లీలో మాది ఒకటే గది. బీడీల ఆకు కత్తిరిస్తూ వేలు తెగితే పసుపు అద్దుకునేది. నాయిన సాంచెల కార్ఖానాలో మరమగ్గం మీద చద్దర్లు నేసి, దూది ధూళి మింగి, దగ్గుకుంటూ వస్తే పసుపు, మిరియాలు వేసి మరిగించిన పాలు. నా గొంతు నొప్పికి ఉప్పునీళ్లలో పసుపు. పరీక్షలో మార్కులు తక్కువొచ్చినా పసుపు పాలే ఇచ్చింది. దానికి మాత్రం పని చేయలేదు.

వంట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ధైర్యం ఏమయ్యేదో. పొద్దుటి నుంచి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన చేతుల్ని శనగపిండితో రెండుసార్లు రుద్ది కడుక్కుని స్టవ్వు ముందు కూర్చునేది. నూనెలో జీలకర్ర, వెల్లుల్లి వేగాక మంట తగ్గించి, చిటికెడు పసుపు వేసి, వెంటనే నన్ను కేకేసేది.

"ఇటు రా బిడ్డా. సూడు, పచ్చి వాసన పోయిందా?"

నేను వంగి వాసన చూడాలి. పచ్చి పసుపుది తడి మట్టి వాసన. అది పోయి కమ్మగా మారే క్షణం ఒకటుంటుంది. అది దాటితే మాడిపోతుంది. నేను "పోయిందమ్మా" అనగానే ఉడికిన పప్పు అందులో పోసేది. ఐదో ఏటి నుంచి రోజూ ఇదే నా ఉద్యోగం. నాకు వంట నేర్పిస్తోందనుకున్నాను. మా ఇంట్లో నేను చెప్పందే పోపు కూడా వేయరని బడిలో గొప్పలు పోయాను.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు మేనత్త భోజనానికి వస్తానంది. నాయినకు అక్క. బీడీలు చుట్టే చేతికి వంటేం వస్తుందని ఆమె పెళ్లినాటి నుంచీ అంటూనే ఉంది. ఒక్కసారైనా ఆమె నోట బాగుందనిపించుకోవాలని అమ్మ ఆశ. ఆ రోజు బీడీల చాట ముట్టనే లేదు. గల్లీ పిల్లలంతా జాతరకు పోతుంటే నన్ను మాత్రం ఆపేసింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. గడప మీద మొహం ముడుచుకుని కూర్చున్నాను.

పోపులో పసుపు పడింది. అమ్మ పిలిచింది.

"పోయింది," అన్నాను, కదలకుండానే.

"దగ్గరికొచ్చి సూడు బిడ్డా."

"పోయిందన్న గద."

అమ్మ నా మాట నమ్మి పప్పు పోసేసింది.

మేనత్త మొదటి ముద్దకే చెయ్యి ఆపింది. "ఏందే, పసుపు పచ్చిగనే ఉంది. తంబాకు పట్టుకొని పట్టుకొని ముక్కు సచ్చిందా ఏంది నీకు?"

అమ్మ తల ఎత్తలేదు. నాయిన మాత్రం, "నాకు గిట్లనే ఇష్టం అక్కా," అని ఇంకో గరిటె వేయించుకుని, కంచం ఖాళీ చేశాడు.

మేనత్త వెళ్లిపోయాక అమ్మ దగ్గరికి పోయి, వాసన చూడకుండానే చెప్పానని ఒప్పుకున్నాను. చెంప పగులుతుందనుకున్నాను. అమ్మ కొట్టలేదు.

"కోపమొస్తె నన్ను తిట్టు బిడ్డా. గని గిదొక్కటి అబద్ధం చెప్పకు. నాకు వాసన తెల్వదు."

"ఏ వాసన?"

"ఏదీ తెల్వదు. తంబాకు ధూళికో ఏమో, నువ్వు పుట్టకముందే పోయింది. ఎవ్వరికీ చెప్పలే."

గోడకు ఆనుకుని కూర్చున్న నాయిన నవ్వాడు. "దీనికి ఐదేండ్లొచ్చేదాక నేను పచ్చి పసుపు పప్పే తిన్న."

అమ్మ అదిరిపడి ఆయన వైపు తిరిగింది. "నీకు ఎరుకనా? మరి ఒక్కనాడు చెప్పలేదేంది?"

"చెప్తె పసుపు ఏసుడే బంద్ జేస్తువు. నా దగ్గుకు అదే మందంటివి గద."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ వేస్తూ ఆగి, నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "పసిపిల్లలకు పసుపు నలుగు పెట్టి తానం చేపిస్తె నెత్తి వాసన మస్తుంటదంటరు. నీది నాకు తెల్వదు బిడ్డా."

నేను ఏడ్చాను. జాతర కోసం ఏడుస్తున్నానని పక్కింటివాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత అమ్మ ఎప్పుడు పిలిచినా, ఎంత కోపంలో ఉన్నా, లేచి వెళ్లి వంగి చూసే చెప్పాను.

తొంభైలలో నాకు కూతురు పుట్టింది. పురుడు అమ్మ దగ్గరే. మొదటిసారి తన చేతులతో పసుపు, శనగపిండి కలిపి నలుగు పెట్టి, స్నానం చేయించి, నాయిన తెచ్చిన మెత్తటి టవల్లో చుట్టుకుని తెచ్చింది. తానే ముందు బిడ్డ నెత్తికి ముక్కు ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత, అప్పట్లో పోపు వాసన చూడమన్నట్టే, బిడ్డను నా ముందుకు చాపింది.

"సూడు బిడ్డా. ఎట్లుంది?"

వంగి చూశాను. పాల వాసన, ఎండలో ఆరిన నూలు వాసన, వాటి కింద సన్నగా, పచ్చిదనం పోయిన పసుపు. ఒక్కొక్కటే చెప్పాను. అమ్మ కళ్లు మూసుకుని విన్నది.

"నీది గూడ గిట్లనే ఉండేనా?"

"గిట్లనే ఉండేనమ్మా," అన్నాను. ఆ ఒక్కటీ నేను వాసన చూడకుండానే చెప్పాను.