చిక్కుడు పాదుకి విభూది

మా చిన్నప్పుడు... పుష్యమాసంలో తెల్లవారకుండానే అమ్మ నా దుప్పటి లాగేసేది.

"లేరా, మంచు ఆరిపోతే బూడిద నిలవదు..."

పెరట్లో చిక్కుడు పాదు. పందిరి నిండా వంకాయ రంగు పూత. చలి ముదిరేసరికి ఆ పూతకి పేనుబంక పట్టేది. లేత కాడలన్నీ నల్లగా, జిగురు జిగురుగా అయిపోయేవి. అమ్మ దగ్గరున్న మందల్లా పొయ్యిలో బూడిదే. దాన్ని జల్లించి, పాత పంచె ముక్కలో మూట కట్టి నా చేతికిచ్చేది.

రోలు మీదెక్కి మూట దులపాలి. ఆకుల మీద మంచు తడి ఉండగానే దులపాలి. తడికి బూడిద పట్టుకుంటుంది. ఎండొచ్చాక చల్లితే గాలికి పోతుంది... అంతే కిటుకు.

పందిరికి తల తగిలితే చాలు, మంచు నీళ్ళు మెడ మీద పడి వీపులోకి జారేవి. దుప్పటి తల మీంచి కప్పుకుని మెడ దగ్గర ముడేసుకునేవాణ్ణి. అయినా వణుకే. పని అయ్యాక పొయ్యి దగ్గర గొంతుకూర్చుని చేతులు కాచుకునేవాణ్ణి.

బడికి వెళ్తే జుట్టంతా బూడిద. "ఏం తాతగారూ, చేతికర్ర ఇంట్లో మర్చిపోయారా" అనేవారు మాస్టారు. క్లాసంతా నవ్వేది. నేను తల దించుకుని కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నిజంగానే తాతని. కెనడాలో, రెజైనాలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఈ చలికాలం మొదట్లో చెత్తడబ్బా బయట పెట్టబోయి ఐసు మీద జారాను. ఏమీ విరగలేదు గానీ... ఆ రోజు నుంచి ఒంటరిగా గుమ్మం దాటకూడదని అమ్మాయి రూలు పెట్టింది. వాళ్ళు ఆఫీసుకీ స్కూలుకీ పోయాక ఇంట్లో నేనూ, హీటర్ చప్పుడూ.

కిటికీలోంచి చూస్తే బాగానే ఉంటుంది. చెట్ల కొమ్మ కొమ్మకీ తెల్లగా మంచు... పూత పట్టినట్టు. పొడుగు తోక పిట్ట ఒకటి కంచె మీద వాలి, లోపలికి చూసి పోతుంది. అద్దానికి అటువైపు అది. ఇటువైపు నేను.

కిటికీ దగ్గర కుండీలో చిక్కుడు పాదు ఉంది. అమ్మ వేసిన పాదు గింజలే ఏటేటా దాచుకుంటూ వచ్చింది మా అక్క. నేను బయల్దేరేటప్పుడు ఉన్నవన్నీ ఇచ్చేసింది. వాళ్ళ పెరడంతా ఇప్పుడు సిమెంటు చేయించారు, అందుకని. ఇక్కడ వేసవిలో అన్నీ పెరట్లో వేసేస్తే తీగ బ్రహ్మాండంగా పాకింది, పూయలేదు. పొద్దు తగ్గితే గానీ ఈ చిక్కుడు పూయదు. ఇక్కడ పొద్దు తగ్గేసరికి మంచొచ్చి చంపేస్తుంది. అందుకే ఒక్క మొక్కని కుండీలో పెట్టి లోపలికి తెచ్చాను. ఇది కాస్తేనే గింజ ఉంటుంది. లేకపోతే ఆ విత్తనం ఇంతటితో ఆఖరు.

పూసింది... వెంటనే పేనుబంకా పట్టింది.

పొయ్యి లేదు, బూడిదెక్కడిది. చూసి చూసి దేవుడి దగ్గర విభూది పొట్లం తీశాను. అదీ బూడిదే కదా. చల్లితే ఒక్క రేణువు నిలవలేదు. హీటరు గాలికి ఆకులు కాగితాల్లా పొడిగా ఉన్నాయి.

మంచు కావాలి. తలుపవతల మోకాలి లోతు ఉంది.

కుండీని పెరటి వైపు అద్దాల తలుపు దగ్గరికి జరిపి, ఆకులకి మంచు తడి తగులుతుందని తలుపు జానెడు పక్కకి లాగాను. చల్లటి పొగ లోపలికొచ్చింది. అది మొహానికి తగలగానే ఒక్క క్షణం మా పెరడే... తర్వాత మూద్దామంటే తలుపు కదల్లేదు. కింద గాడిలో ఐసు గట్టిపడిపోయింది. లాగుతూనే ఉన్నాను, నా చేతుల్లో బలం చాల్లేదు. కుండీని వెనక్కి జరపాలని తోచేసరికే తలుపు వైపు ఆకులు వాడి నల్లబడ్డాయి.

మనవరాలు స్కూలు నుంచి వచ్చి, కాలితో నాలుగు తన్ని తలుపు మూసింది. "తాతా, ఇట్స్ మైనస్ థర్టీ అవుట్ దేర్" అంది.

సాయంత్రం అమ్మాయి వచ్చి కుండీ చుట్టూ తెల్లగా ఉన్న నేలని చూసింది.

"విభూది పెట్టావేంటి నాన్నా, కొబ్బరికాయ కూడా కొట్టావా?"

"పేనుబంక పట్టిందమ్మా."

"చెప్తే ఆన్‌లైన్లో మందు తెప్పించేదాన్ని కదా. తలుపు ఎందుకు తీశావు? నీకేమైనా అయితే?"

"మంచు తడి మీద చల్లాలి... మా అమ్మ అట్లా చల్లించేది."

అమ్మాయి మేడ మీదికి వెళ్ళి ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా తెచ్చింది. ఆకుల మీద నెమ్మదిగా కొట్టింది. "ఇదిగో, నీ మంచు." నేను టీ వడగట్టే జల్లెడలో విభూది వేసి దులిపాను. నిలిచింది.

ఇప్పుడు రోజూ ఆఫీసుకి పోయే ముందు నా గది తలుపు కొడుతుంది. "లే నాన్నా, మంచు పడింది, ఆరిపోతుంది..."

పాదు సగం పోయింది. గోడ వైపు తీగ ఒకటి మిగిలింది. దానికి ఒక కాయ. వేలితో తడిమితే లోపల గింజలు తెలుస్తున్నాయి. ఎండేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. ఈ ఇంట్లో నేను పెట్టిన రూలు అదొక్కటే.

అప్పుడు మంచు దగ్గరికి మేమే వెళ్ళేవాళ్ళం, వద్దన్నా పంపేవాళ్ళు. ఇప్పుడది నాకు సీసాలోంచి వస్తోంది...

మీ ఇంట్లో పాదుకి బూడిద ఎవరు చల్లేవారు? ఆ చలిలో మిమ్మల్ని ఎవరు లేపేవారు? తీరిక ఉంటే రాయండి. అన్నీ చదువుతాను. మంచు కరిగేదాకా నేనూ ఆ కాయా ఈ కిటికీ దగ్గరే.